అరచేతి ఎత్తు

ఆవిడ అసలు పేరు ఆసుపత్రి హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడదు. అందరికీ ఆవిడ మిల్లీమీటరమ్మ. రేడియేషన్ గదిలో ఇరవై ఏళ్ళ నుంచి టెక్నీషియన్. బల్ల మీద పడుకున్న మనిషి వెంట్రుకవాసి పక్కకి జరిగినా ఊరుకునే రకం కాదు. మూడు మిల్లీమీటర్ల వరకూ తేడా ఉండొచ్చని డాక్టరే రాసిచ్చినా, పడుకునేది డాక్టరుగారు కాదుగా అంటూ మళ్ళీ మొదట్నుంచీ సర్దేది. ఆవిడతో పాటు అదే మిషను మీద పనిచేసే ఆయన్ని నిదానం అంటారు. మాట నిదానం, నడక నిదానం, ఏడాదిలో రిటైరవుతున్నా దానిక్కూడా తొందరపడని మనిషి. ఎడ్డెమంటే తెడ్డెమనే ఇద్దర్ని ఏరి మరీ ఒకే గదిలో పడేశారని ఆసుపత్రిలో నవ్వుకునేవాళ్ళు. నవ్వుకున్నా, తమ ఇంట్లోవాళ్ళకి రేడియేషన్ పెట్టాల్సి వస్తే మాత్రం ఆ గదికే తీసుకొచ్చేవాళ్ళు.

ఆ గది పైకప్పుకి మూడు కెమెరాలున్నాయి. పూర్వం రోగి ఒంటి మీద సూదితో చుక్కలు పొడిచి, ఆ చుక్కల గుర్తు పట్టుకుని పడుకోబెట్టేవాళ్ళు. ఇప్పుడా బాధ లేదు. కెమెరాలు ఒంటి మీద వెలుగు చుక్కలు చల్లి, చర్మం ఎత్తుపల్లాలు కొలిచి, ప్లాను వేసిన రోజు తీసిన ఒంటి బొమ్మతో పోల్చి చూస్తాయి. రెండూ కలిస్తే కంట్రోలు గదిలో తెర మీద ఆకుపచ్చ. కలవకపోతే ఎరుపు. ఎరుపున్నంతసేపూ మిషను కిరణం వదలదు. ఎడమ రొమ్ముకి చికిత్స తీసుకునేవాళ్ళకి దీంతో ఇంకో పెద్ద మేలుంది. వాళ్ళ గుండె సరిగ్గా కిరణం దారిని ఆనుకుని ఉంటుంది. నిండా ఊపిరి పీల్చి బిగబడితే ఊపిరితిత్తి ఉబ్బి గుండెని దూరంగా నెడుతుంది. ఆ ఇరవై సెకన్లే కిరణం కొడుతుంది. ఊపిరి జారిందా, ఛాతీ దిగుతుంది, కెమెరా పసిగడుతుంది, కిరణం ఆగిపోతుంది. ఇలా ఏడెనిమిది ఊపిర్లు పడితే ఆ రోజుకి అయిపోయినట్టే.

ఇదంతా ఆవిడ వందలమందికి చేసింది. ఆ ఏడు మాత్రం బల్ల ఎక్కాల్సింది ఆవిడ సొంత చెల్లెలు.

చెల్లెలికి ముప్పై తొమ్మిదేళ్ళు. పద్దెనిమిదేళ్ళుగా బేకరీలో పిండి కలిపే పని. ఆ పిండి దుమ్ము ఛాతీలోకి పోయి పోయి, ఒక దగ్గు ఆవిడతో పాటే కాపురం ఉంటోంది. ఇన్‌హేలరు లేకుండా గడప దాటదు. ఎడమ రొమ్ములో గడ్డ తీసేశారు, కీమో అయింది, ఊడిన జుట్టు మళ్ళీ అంగుళం మొలిచింది. మిగిలింది పదిహేను రోజుల రేడియేషన్. మనిషి దేనికీ జంకలేదు గాని, గుండె పక్క నుంచి కిరణం వెళ్తుందని ఎవరో చెప్పిన దగ్గర్నుంచీ నిద్ర మానేసింది. దానికి కారణం ఉంది. వాళ్ళ అమ్మ నలభై ఎనిమిదేళ్ళకి పెరట్లో బట్టలు ఆరేస్తూ, తీగ పట్టుకునే కూలిపోయింది. గుండె. అప్పటికి అక్కకి పందొమ్మిది, చెల్లెలికి పదకొండు. ఆ రోజు నుంచీ జడ వేసిందీ, జ్వరమొస్తే పక్కన కూర్చుందీ, బళ్ళో సంతకం పెట్టిందీ, పెళ్ళి చేసిందీ అక్కే. అక్క లే అంటే లేవడం, కూర్చో అంటే కూర్చోవడం చెల్లెలికి అలవాటైపోయింది.

"క్యాన్సరుతో పోతే పోనీ అక్కా. అమ్మలా మాత్రం పోకూడదు," అంది చెల్లెలు ఒకరోజు.

"నీ గుండెకి నేను కాపలా. ఒక్క కిరణం తగలనివ్వను," అంది అక్క.

సొంతవాళ్ళకి చికిత్స చేసేటప్పుడు చెయ్యి వణుకుతుంది, వేరేవాళ్ళకి అప్పగించమని డాక్టరమ్మ చెప్పి చూసింది. కెమెరాలున్నది ఈ ఒక్క గదిలోనే కాబట్టి, ఆ గదిలో మిల్లీమీటరమ్మని కదిలించడం ఎవరి తరమూ కాదు కాబట్టి, మాట అక్కడితో ఆగిపోయింది.

ప్లాను కోసం సీటీ స్కాను తీసిన రోజు చెల్లెలు అందర్నీ ఆశ్చర్యపరిచింది. ఇన్‌హేలరు పీల్చి వెళ్ళి, కుండ నింపినట్టు ఊపిరి నింపి, ఇరవై రెండు సెకన్లు బిగబట్టింది. ఆ ఊపిరితో ఉన్న ఒంటి బొమ్మే కొలబద్ద అయి కూర్చుంది. ఆ తర్వాత పది రోజుల్లో వానలు పట్టాయి, దగ్గు తిరగబెట్టింది. చికిత్స మొదలుపెట్టే రోజున బల్ల మీద పడుకుని ఎంత పీల్చినా నాలుగు మిల్లీమీటర్లు తక్కువ. గోధుమ గింజ మందం. ఆరుసార్లు ప్రయత్నించింది. ఆరుసార్లూ ఎరుపే. ఏడోసారి దగ్గు తెరలు తెరలుగా వచ్చి కళ్ళమ్మట నీళ్ళు కారాయి. ఆ రోజు కిరణం పెట్టకుండానే దింపేశారు.

డాక్టరమ్మ విషయం విని చాలా మామూలుగా చెప్పింది. సీటీ నాటి ఊపిరి ఈవిడకి రోజూ రాదు. అందినంత ఊపిరికే మళ్ళీ సీటీ తీసి కొత్త ప్లాను వేద్దాం. గుండెకి కాస్త ఎక్కువ తగులుతుంది. మరీ ఎక్కువేం కాదు, కాస్తే.

ఆ కాస్త అన్న మాట దగ్గరే మిల్లీమీటరమ్మకి మండింది. తగలనివ్వనని చెల్లెలికి మాటిచ్చి, ఇప్పుడు కాస్త తగిలితే ఏమవుతుందని ఎలా చెబుతుంది? రెండు రోజులు టైమివ్వమంది, తను నేర్పిస్తానంది, తన చెల్లెలు అందుకుంటుందంది. డాక్టరమ్మ ఇంకో మాట చెప్పబోతే వినలేదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. "ఊపిరి ఒకరు చెబితే వచ్చేది కాదమ్మా," అన్నాడు నిదానం. ఆయన ఆ ఒక్క మాట అనేలోపు ఆవిడ బ్యాగు తగిలించుకుని మెట్లు దిగేసింది.

ఆ సాయంత్రమే చెల్లెలి ఇంట్లో, ముందుగదిలో నేల మీద దుప్పటి పరిచి పడుకోబెట్టింది. మామూలుగా ఉన్నప్పుడు ఛాతీ ఎంత ఎత్తులో ఉందో స్కేలు పెట్టి కొలిచింది. ఎంత లేవాలో లెక్క కట్టింది. సరిగ్గా ఆ ఎత్తులో అరచెయ్యి చాపి పట్టుకుంది. నా చెయ్యి తాకాలి, తాకి అక్కడే ఆగాలి, అంతే, ఇంకేం ఆలోచించకు అంది. మొదటి రోజు తాకలేదు. చెల్లెలు దగ్గుతూనే ఉంది, అక్క చెయ్యి దించలేదు. రెండో రోజు మధ్యాహ్నానికి ఒకసారి తాకింది. సాయంత్రానికి వరసగా పదిసార్లు తాకింది, ఒక్క దగ్గు లేకుండా. గుమ్మంలో నిలబడి చూస్తున్న మరిది చప్పట్లు కొట్టాడు. చెల్లెలి కూతురు, పదకొండేళ్ళది, నేనూ పడుకుంటా పెద్దమ్మా, నాకూ చెయ్యి పెట్టు అని పక్కన చేరింది. ఆ ఇంట్లో గడ్డ బయటపడ్డాక అందరూ కలిసి నవ్వింది అప్పుడే.

మర్నాడు తెర మీద అంతా ఆకుపచ్చే. మొదటి ఊపిరి బిగబట్టినప్పుడు, ఎముకలూ గుండే ఎక్కడున్నాయో సరిచూసే ఎక్స్‌రే ఫిల్ము తీశారు. గుండె చక్కగా పక్కకి తప్పుకుని ఉంది. ఆ తర్వాత ఏడు ఊపిర్లూ పచ్చగానే వచ్చాయి, కిరణం ఆగకుండా కొట్టింది. రెండో రోజూ అంతే. ఐదో రోజూ అంతే. మిల్లీమీటరమ్మ ఆ వారం రోగుల్ని తిట్టడం కూడా తగ్గించింది. డాక్టరమ్మ కారిడార్‌లో ఎదురైతే, చూశారా మేడమ్ అని నోటితో అనలేదు గాని ముఖంతో అంది.

ఫిల్ము వారానికోసారి తీస్తారు. అదెప్పుడూ మొదటి ఊపిరిలోనే తీస్తారు. ఆరో రోజు పొద్దున ఫిల్ము తీసే పలక మొరాయించింది. దాన్ని ఆపి మళ్ళీ ఆన్ చేసేసరికి కిరణం పని ముగింపుకొచ్చింది. పోనీ ఆఖరి ఊపిరిలో తీద్దాం అన్నాడు నిదానం. తీశారు. ఆయన లేచి చెల్లెల్ని బల్ల దింపడానికి లోపలికి వెళ్ళాడు. ఫిల్ము తెర మీదికి వచ్చేటప్పటికి కంట్రోలు గదిలో ఆవిడ ఒక్కతే ఉంది.

గుండె కనపడింది. ఉండకూడని చోట కనపడింది. కిరణం హద్దు గీత లోపలికి, బొటనవేలి మందాన, తెల్లటి అంచు. పక్కనే కెమెరా తెర మీద ఆకుపచ్చ, ఒక్క మిల్లీమీటరు తేడా లేకుండా. పైన పటారం, లోన లొటారం. చర్మం రావలసిన ఎత్తుకే వచ్చింది. ఊపిరితిత్తి మాత్రం సగమే నిండింది. ఊపిరి లేకుండా ఛాతీ అంత ఎత్తుకి ఎలా లేచిందో ఆవిడకి ఒక్క క్షణం అంతుబట్టలేదు. అంతుబట్టాక కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. కెమెరాలకి చూడమని అప్పగించింది ఎడమ ఛాతీ మేర మాత్రమే. నడుము విల్లులా ఎత్తినా ఛాతీ లేస్తుంది. వాటికి తేడా తెలియదు. ఇరవై ఏళ్ళ అనుభవమున్న మనిషికి తెలియాలి.

ఇక్కడ ఆవిడ చేసిన పనిని కప్పిపుచ్చి చెప్పడం కుదరదు. ఫిల్ము కింద రెండు గుర్తులుంటాయి. ఒకటి నొక్కితే డాక్టరుకి వెళ్తుంది. రెండోది నొక్కితే, రోగి కదిలింది, ఫిల్ము పనికిరాదు అని రాసి కంప్యూటరు దాన్ని పక్కన పడేస్తుంది. ఆవిడ రెండోది నొక్కింది. రేపు మొదటి ఊపిరిలో ఇంకోటి తీస్తాను, ఈలోపు ఇంటికెళ్ళి సరిగ్గా నేర్పిస్తాను, ఇక మీద ఏ తప్పూ జరగదు, అని తనకి తాను చెప్పుకుంది. ఆ తర్వాత పదకొండుమంది రోగుల్ని పడుకోబెట్టింది. ఒక పెద్దాయన భుజం రెండు మిల్లీమీటర్లు పక్కకి ఉంటే పర్వాలేదంది. నిదానం తలెత్తి ఆవిడ వంక చూశాడు.

సాయంత్రం చెల్లెలి ఇంటికి వెళ్ళి, ఏం చెప్పకుండా మళ్ళీ దుప్పటి పరిచింది. చెల్లెలు నవ్వుతూ పడుకుంది. అక్క ఎప్పటిలాగే కుడిచెయ్యి ఛాతీ మీద ఎత్తి పట్టుకుంది. చెల్లెలు పీల్చి తాకింది. రెండోసారీ, మూడోసారీ తాకింది. అప్పుడు అక్క ఎడమచెయ్యి నేలకి ఆనించి, చెల్లెలి నడుము కిందికి పోనిచ్చింది. చెయ్యి మణికట్టు దాకా దూరింది. ఎక్కడా ఏమీ అడ్డు తగల్లేదు.

"ఎప్పట్నుంచి ఎత్తుతున్నావు నడుము?" అంది అక్క.

"నువ్వే కదా అరచెయ్యి తాకమన్నావు. మొదటిసారి ఊపిరితోనే తాకుతుంది. తర్వాత చాలదు. నడుము కాస్త ఎత్తితే తాకుతోంది," అంది చెల్లెలు. "రోజూ పచ్చగా వచ్చింది అన్నావుగా."

నడుము ఆనించి పీల్చమంది అక్క. పీల్చింది. చెయ్యి తాకలేదు. మళ్ళీ పీల్చమంది. ఐదుసార్లు, ఎనిమిదిసార్లు. చెల్లెలు పెదవులు నీలం తిరిగి, దగ్గు ఆగక పక్కకి తిరిగి ముడుచుకుపోయింది. అక్కకి అప్పుడు అర్థమైంది, గుట్టుగా దిద్దుకునే తప్పు కాదిది. రేపు నడుము ఆనిస్తే ఎరుపొస్తుంది, కిరణం రాదు. నడుము ఎత్తితే పచ్చ వస్తుంది, గుండెకి తగులుతుంది. మధ్యలో ఇంకో దారి లేదు. రెండు రోజుల ముందు డాక్టరమ్మ చూపించిన దారి ఒకటుండేది. దాన్ని ఆవిడే మూసేసింది. కాదు, రెండు రోజుల ముందు కూడా కాదు, అప్పుడే వారం దాటిపోయింది. రోజుల లెక్క కూడా తప్పుతోంది ఆవిడకి.

చెప్పేసింది. ఊపిరి ఎందుకు పీల్చమంటారో, ఆ గాలి లోపల చేసే పనేమిటో, నడుము ఎత్తితే ఆ పని ఎందుకు జరగదో. మొదటి రోజునే చెప్పాల్సిన మాటలన్నీ ఇప్పుడు చెప్పింది. చెల్లెలు లేచి గోడకి ఆనుకుని కూర్చుంది. వంటింట్లో మరిది గిన్నెలు సర్దుతున్న చప్పుడు ఆగిపోయింది.

"అంటే నా గుండెకి తగిలింది."

"తగిలింది."

"ఎన్ని రోజులు?"

"ఆరు."

"నీకెప్పుడు తెలిసింది?"

"పొద్దున."

"పొద్దున తెలిస్తే, సాయంత్రం దాకా ఏం చేశావక్కా?"

అక్క ఫిల్ము సంగతి కూడా చెప్పింది. చెల్లెలు కోప్పడలేదు, ఏడవలేదు. కోప్పడితే బాగుండునని అక్క ఎదురుచూసింది. పక్కగదిలో కూతురు ఏదో పాఠం పైకి చదువుకుంటోంది. చెల్లెలు ఆ గది వైపు తల తిప్పింది.

"అమ్మ పోయినప్పుడు నాకు పదకొండు. నాకు నువ్వున్నావు," అంది. "దానికి అక్క కూడా లేదు."

ఆ మాట తర్వాత అక్క ఇంటికి ఎలా చేరిందో ఆవిడకి గుర్తులేదు. ఏడుపు వస్తే అయినా బరువు తీరేది, అదీ రాలేదు. తను చేసిన తప్పుల్ని ఒక్కొక్కటే తలుచుకుంది. తలుచుకున్న కొద్దీ అన్నీ ఒకే తప్పులా కనపడ్డాయి. తను అనుకున్నంత ఎత్తుకి చెల్లెలు రావాలి. రాలేకపోతే రప్పించాలి. అంతేగాని, చెల్లెలికి ఎంత అందుతుందో ఒక్కసారి కూడా అడగలేదు.

పొద్దున్నే డాక్టరమ్మ గది ముందు అందరికంటే ముందు వెళ్ళి నిలబడింది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని తెలిసే, పక్కన పడేసిన ఫిల్ముతో సహా అంతా చెప్పింది. డాక్టరమ్మ ఆ ఫిల్ము తెప్పించి చూసింది. కిరణం మోతాదు లెక్కలు కట్టే ఫిజిసిస్టుని పిలిపించింది. నిదానం కూడా వచ్చి, తెర ముందు నేనూ ఉన్నాను, నడుము వైపు నేనూ చూడలేదు, తిలాపాపం తలా పిడికెడు అన్నాడు. అలా పంచుకోవడానికి ఆవిడ ఒప్పుకోలేదు. జరిగినదాని మీద కాగితం రాసి సంతకం పెట్టింది. విచారణ తర్వాత ఉంటుంది, ముందు రోగి సంగతి చూద్దాం అంది డాక్టరమ్మ. చెల్లెలి చికిత్సలో మిషను మీట ఆవిడ ముట్టుకోకూడదు. మైకులో ఊపిరి పట్టమని, వదలమని చెప్పడం మాత్రం ఆవిడే చెయ్యొచ్చు, తెలిసిన గొంతు ఉంటే మనిషికి ధైర్యంగా ఉంటుంది కాబట్టి.

చెల్లెలికి రెండు సీటీలు తీశారు. నడుము ఎత్తి ఒకటి, ఆ ఆరు రోజుల్లో గుండెకి ఎంత తగిలిందో లెక్క తేల్చడానికి. నడుము ఆనించి, అందినంత ఊపిరితో ఇంకొకటి, కొత్త ప్లానుకి. ఈసారి కెమెరాలు ఛాతీతో పాటు పొట్ట మేర కూడా చూసేటట్టు ఫిజిసిస్టు హద్దు పెంచాడు. నడుము లేస్తే పొట్ట లేస్తుంది, పొట్ట లేస్తే ఎరుపొస్తుంది. ఇంత చిన్న పని మొదటే ఎందుకు చెయ్యలేదని మరిది అడిగితే, ఫిజిసిస్టు ఆ ప్రశ్న కూడా కాగితం మీద రాసుకున్నాడు. ఆరు రోజుల లెక్క ఒక అంకెగా తేలింది. దానికి అర్థమేమిటని చెల్లెలే అడిగింది. డాక్టరమ్మ దాచలేదు. ఇప్పుడేం తెలియదు. పదేళ్ళకో, పదిహేనేళ్ళకో గుండెకి జబ్బు రావచ్చు, రాకపోనూ వచ్చు. వస్తుందని చెప్పలేను, రాదనీ చెప్పలేను అంది. చెల్లెలు వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుంది. కూతురి వయసుకి పది కలుపుతోందని అక్కకి తెలిసింది.

మిగిలిన తొమ్మిది రోజుల్లో మొదటి రోజు వచ్చింది. నిదానం లోపలికి వెళ్ళి చెల్లెల్ని పడుకోబెట్టి, బరువైన తలుపు మూసి వచ్చాడు. అక్క మైకు ముందు కూర్చుంది. పీల్చు, అంది. తెర మీద ఛాతీ మేర పచ్చగా అయింది. పొట్ట మేర ఎర్రగా అయింది. వదిలెయ్, అంది. మళ్ళీ పీల్చు, నడుము ఎత్తకు. మళ్ళీ ఎరుపు. నాలుగోసారికి అక్క గొంతు తనకి తెలియకుండానే గట్టిపడింది. ఐదోసారి పొట్ట ఇంకా ఎక్కువ లేచింది. కిరణం ఒక్క సెకను కూడా రాలేదు.

లోపల్నుంచి చెల్లెలి మాట స్పీకరులో వినపడింది, ఆయాసంతో.

"అక్కా, నేను ఎత్తడం లేదు. దానంతటదే లేస్తోంది. నీ గొంతు వింటే లేస్తోంది."

అక్క మళ్ళీ మైకు దగ్గరికి వంగింది.

"నువ్వు మాట్లాడకు. నిదానంగారిని చెప్పమను." కాస్త ఆగి ఇంకా నెమ్మదిగా అంది. "నువ్వు అక్కడ కూర్చున్నా నాకు తెలుస్తుందక్కా. బయటికెళ్ళు."

చెల్లెలి ముప్పై తొమ్మిదేళ్ళలో అక్కతో అలా అనడం అదే మొదలు. నిదానం ఏమీ వినపడనట్టు తెర వైపు చూస్తూ ఉన్నాడు. అక్క లేచి, కుర్చీ ఆయన వైపు జరిపి, తలుపు చప్పుడు కాకుండా లాగి బయటికి వచ్చింది.

బయట రోగుల తాలూకు వాళ్ళు కూర్చునే బెంచీలున్నాయి. ఇరవై ఏళ్ళలో ఆవిడ వాటి మీద ఒక్కసారీ కూర్చోలేదు. కూర్చుంటే చికిత్స గది తలుపూ, తలుపు మీద ఎర్ర దీపమూ తప్ప ఇంకేమీ కనపడవు. కిరణం వస్తున్నంతసేపే ఆ దీపం వెలుగుతుంది. అది ఆరిపోయి ఉంది. తన వంతు కోసం కూర్చున్న ఒకాయన, ఇంకా ఎంతసేపమ్మా అని అడిగాడు. తెలియదండీ అంది. మీకే తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది అని ఆయన విసుక్కున్నాడు.

దీపం వెలిగింది. ఆవిడ సెకన్లు లెక్కపెట్టింది. ఆరు. ఆరిపోయింది. చాలాసేపు చీకటి. మళ్ళీ వెలిగింది. ఏడు. మళ్ళీ ఆరు. తర్వాత ఐదే. ఇరవై సెకన్ల ఊపిరి కావాలని పట్టుబట్టిన మనిషి, ఆరు ఏడైతే చాలని అక్కడ కూర్చుని దండం పెట్టింది. ఒకసారి నాలుగు నిమిషాలు దీపం వెలగలేదు. దగ్గుతోందా, పెదవులు నీలం తిరిగాయా, నిదానం గమనించాడా, ఇన్‌హేలరు అందుబాటులో ఉందా? ఆ తలుపులోంచి శబ్దం రాదు. ఆవిడ లేచి కంట్రోలు గది దాకా వెళ్ళి తలుపు మీద చెయ్యి వేసింది. లోపల నిదానం గొంతు వినీ వినపడకుండా ఉంది. "తొందరేం లేదమ్మా. నీకు వీలైనప్పుడే పీల్చుకో," అంటున్నాడు. ఆ మాట ఇన్నాళ్ళలో తను ఎవరితోనూ అనలేదు. తలుపు మీద చెయ్యి తీసేసి వెనక్కి వచ్చి కూర్చుంది. పక్కాయన ఆవిడ ముఖం చూసి, లోపల మీవాళ్ళా అని ఈసారి నెమ్మదిగా అడిగాడు. మా చెల్లెలండీ అంది.

పది నిమిషాల పని యాభై నిమిషాలు పట్టింది. తలుపు తెరుచుకుని చెల్లెలు నడిచి వచ్చింది. ముఖం పాలిపోయి, అంగుళం జుట్టు చెమటకి నుదుటికి అంటుకుని ఉంది. వచ్చి బెంచీ మీద, అక్క పక్కనే, ఒకరు పట్టేంత చోటు వదిలి కూర్చుంది.

"ముప్పై ఒక్కసార్లు పీల్చాను."

"నడుము?"

"ఆనే ఉంది."

అక్క చెల్లెలి చెయ్యి పట్టుకోబోయింది. చెల్లెలు చెయ్యి ఇవ్వలేదు, ఇన్‌హేలరు కోసం సంచీలో వెతుక్కుంది. రెండుసార్లు పీల్చి, మూత బిగించి, సంచీ అక్క ఒళ్ళో పెట్టి లేచి నిలబడింది.

"ఇంకా ఎనిమిది రోజులు," అంది. "రోజూ రా. వచ్చి ఇక్కడే కూర్చో. లోపలికి మాత్రం రాకు."

అక్క తలూపింది.